‘సల్లంగుండు బిడ్డా’ అన్న మాటకు అంత ఏడుపెందుకు వచ్చింది?

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, రెండేళ్లుగా నల్లగొండలో ముప్పై పడకల ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జీతం 13 వేలు. మా ఊరు కనగల్ వైపు, రోజూ బస్సులో వచ్చిపోతాను. ఇంట్లో అమ్మ, నాయిన, అన్న, వదిన, వాళ్ల పాప ఉంటారు. నెలకు పది పన్నెండు నైట్ డ్యూటీలు పడతాయి. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతాను. ఇంటికొచ్చి పడుకుంటే గంటకొకరు లేపుతారు. ‘ఫ్యాను కింద కూసునే కొలువే గదా, అంత అలసటేంది?’ అంటాడు నాయిన. వదిన ముఖం ముడుచుకొనే ఉంటుంది. సాయంత్రం కిటికీలో అన్నం డబ్బా ఉంటుంది, తీసుకొని బస్సెక్కుతాను, ఎవరూ పలకరించరు. దవాఖానలో డిశ్చార్జి రోజున డాక్టరుగారికి శాలువా కప్పి, మిఠాయి డబ్బా ఇచ్చి, ఫొటో దిగి వెళ్తారు. మమ్మల్ని మాత్రం ‘ఏయ్ సిస్టర్, సెలైన్ అయిపోయింది’ అని కేకేయడమే. ఈ మధ్య ఒక సంబంధం వచ్చింది. నైట్ డ్యూటీలు మానేస్తేనే మాట్లాడుకుందామన్నారు. పోయిన నెల న్యుమోనియాతో తొమ్మిది రోజులు ఉన్న ఒక అవ్వ, ఇంటికి వెళ్తూ నా చేయి పట్టుకొని, ‘సల్లంగుండు బిడ్డా, నా కడుపున పుట్టినోళ్లు గూడ ఇట్ల చూడలే’ అని, సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి ఇచ్చింది. నేను స్టోర్ రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకొని ఏడ్చాను. ఒక్క మాటకు అంత ఏడుపెందుకో నాకే అర్థం కాలేదు. నేను ఈ వృత్తికి పనికిరానా? మానేయాలా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో అన్నిటికంటే ముందు జవాబు చెప్పవలసింది ఆ ఏడుపు గురించే. అది బలహీనత కాదు. పొద్దుటి నుంచి పనిలో పడి తిండి మరచిపోయిన మనిషికి, ఎవరో పిలిచి పళ్లెం ముందు పెడితే, మొదటి ముద్ద గొంతు దిగిన తర్వాతే తానెంత ఆకలితో ఉన్నదీ తెలిసివస్తుంది. రెండేళ్లుగా మీకు ఎవరూ ఆ పళ్లెం పెట్టలేదు. అవ్వ పెట్టింది. ఈ వృత్తికి పనికిరానివారికి ఆ మాట చెవిన పడినా లోపలికి దిగదు, పైగా తొమ్మిది రోజులు మంచం పక్కన నిలబడి చూసుకోని మనిషితో అవ్వ ఆ మాట అనేదీ కాదు. కాబట్టి పనికివస్తారా, రారా అన్న సందేహాన్ని ఇక్కడితో పక్కన పెట్టండి.

మిగిలినది మీ అలసట సంగతి. అది నిజమైనది. మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివిన తర్వాత నాకు అనిపించింది ఏమిటంటే, మీకు రావలసిన మెప్పు, మీకు చెల్లవలసిన బాకీ, ఈ రెండూ మీ మనసులో ఒకే ముడిగా పడిపోయాయి. రోగి బంధువులు కృతజ్ఞత చెప్పకపోవడం మెప్పుకు సంబంధించినది, దాన్ని నిలదీసి రాబట్టలేం. పగటి నిద్రకు తలుపు మూసి ఉంచడం, చేసిన పనికి తగిన జీతం, పేరు పెట్టి మర్యాదగా పిలవడం, పెళ్లి మాటల్లో మీ ఉద్యోగం గురించి మిమ్మల్నే అడగడం, ఇవన్నీ బాకీలు. వీటిని మీరు మంచితనం కొద్దీ అడగకుండా ఊరుకుని, ఎవరైనా ఒక మంచి మాట అంటే చాలు అనుకుంటున్నారు. ఆ ఒక్క మాట మీద అంత బరువు మోపారు కనుకనే, అది వచ్చిన రోజున కూడా సంతోషం రాకుండా ఏడుపు వచ్చింది.

ముందు దవాఖాన సంగతి చూద్దాం. నర్సు పని సరిగ్గా జరిగినప్పుడు కంటికి ఏమీ కనిపించదు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెడితే వీపున పుండు పడదు. పడని పుండును చూసి ఎవరు దండం పెడతారు? అర్ధరాత్రి మూడింటికి వేలికి పెట్టిన ఆక్సిమీటరులో అంకె పడిపోతుండడం గమనించి, డ్యూటీ డాక్టరును లేపి, ఆక్సిజన్ పెంచితే, పొద్దున రౌండ్స్‌కు వచ్చేసరికి రోగి మామూలుగా కూర్చొని టీ తాగుతూ ఉంటాడు. రాత్రి ఏదో జరగబోయి ఆగిపోయిందని బంధువులకు తెలియనే తెలియదు. డాక్టరుగారు ఆపరేషన్ చేస్తే కుట్లు కనిపిస్తాయి, మందు రాస్తే చీటీ కనిపిస్తుంది. మీ పని చాలావరకు, జరగకుండా ఆపిన కీడులోనే ఉంటుంది. శాలువా కప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకు కనిపించినదానికి కప్పుతున్నారు.

ఈ మాట నేను దూరంగా ఉండి చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట మా అమ్మను మహబూబ్‌నగర్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి, చేతి నరాలు దారప్పోగుల్లా సన్నగిల్లాయి. సెలైన్ పెట్టడానికి ఇద్దరు ప్రయత్నించి, నాలుగు చోట్ల గుచ్చి, వదిలేశారు. అప్పుడు రాత్రి డ్యూటీకి ఎక్కిన ఒక నర్సు వచ్చింది, మీ వయసే ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి పిండి, అమ్మ ముంజేతికి చుట్టి, ఆ చేతిని మంచం అంచు నుంచి కిందికి వేలాడదీసి, ‘జెరసేపు ఇట్లనే ఉంచు అమ్మమ్మా’ అని పక్కనే కూర్చున్నది. రెండు వేళ్లతో మెల్లగా తట్టి, నీలం రంగు సన్న క్యాన్యులాను (సెలైన్ ఎక్కించే గొట్టాన్ని) ఒక్కసారికే ఎక్కించింది. అమ్మ ‘అబ్బా’ అని కూడా అనలేదు. మూడో రోజున ఇంటికి వెళ్లేటప్పుడు నేను డాక్టరుగారి గది ముందు ముప్పావుగంట నిలబడి నమస్కారం చెప్పి వచ్చాను. ఆ అమ్మాయి నైట్ డ్యూటీ దిగి వెళ్లిపోయింది. పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. మనుషుల కష్టసుఖాలు వినడమే పనిగా పెట్టుకున్న నాకే తోచలేదంటే, బిల్లు కట్టడానికి అప్పు పుట్టిందా లేదా అన్న దిగులులో ఉన్న బంధువులకు తోచకపోవడంలో వింత లేదు. కానీ ఆ వేడి గుడ్డ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. అది ఆ అమ్మాయికి తెలియదు. మీ గురించి కూడా ఏ ఊళ్లోనో, ఏ అరుగు మీదనో ఇటువంటి మాట నడుస్తూ ఉండే ఉంటుంది. అది మీ దాకా రాకపోవడం అన్యాయమే, కాదనను.

ఏటా మే 12న నర్సుల దినోత్సవం జరుపుతారు. ఆ రోజు ఫ్లోరెన్స్ నైటింగేల్ పటానికి దండ వేసి, ఆమె దీపం పట్టుకొని తిరిగిన సంగతి చెప్పి, ఓర్పు గురించి మాట్లాడి ముగిస్తారు. ఆమె జీవితంలో మీకు ఇప్పుడు పనికివచ్చే భాగం వేరే ఉంది. 1854లో క్రిమియా యుద్ధ కాలంలో ముప్పై ఎనిమిది మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన ఆమె, సైనికులలో గాయాలతో కంటే రోగాలతో చనిపోయినవారే చాలా ఎక్కువని లెక్కలు కట్టి, 1858లో వాటిని రంగుల చార్టులుగా గీయించి పాలకుల ముందు పెట్టింది. ఓర్పు ఒక్కటే ఉంటే ఆ ఆసుపత్రులు మారేవి కావు. చేసిన పనిని రాసి చూపింది, కావలసినదాన్ని అడిగింది. మీరు కూడా ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. కేస్ షీటులో రాసేది దవాఖాన కోసం, ఇది మీ కోసం. రోగి పేరు, గుర్తులు రాయకూడదు. ‘ఈ రాత్రి ఒకరికి ఆయాసం పెరుగుతుండగా పట్టుకున్నాను’, ‘పిల్లవాడికి రాసిన మోతాదు ఎక్కువగా ఉందని అనుమానం వచ్చి అడిగితే సరిచేశారు’ అని డ్యూటీ దిగేముందు రెండు వాక్యాలు చాలు. రెండు నెలలు రాయండి. మీ పని ముందుగా మీకు కనిపించాలి.

ఇక ఇల్లు. ‘ఫ్యాను కింద కూసునే కొలువు’ అన్న మాట మిమ్మల్ని గాయపరచింది, నిజమే. అయితే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మన దిక్కున, ఇటు నల్లగొండలోనైనా అటు పాలమూరులోనైనా, పని అంటే ఎండలో నడుము వంగేది. పత్తి ఏరినా, నాటు వేసినా, మట్టి పనికి వలస పోయినా, సాయంత్రానికి ఒంటి మీద చెమట, చేతుల మీద కాయలు కనబడతాయి. మీ నాయినకు తెలిసిన కొలమానం అదే. మీరు పొద్దున తొమ్మిదిన్నరకు ఇస్త్రీ నలగని యూనిఫామ్‌లో ఇంట్లో అడుగుపెడతారు. పన్నెండు గంటల్లో ఎన్నిసార్లు వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారో, ఎవరి వాంతి ఎత్తారో, పురుగుమందు తాగివచ్చిన ఎవరి తల పట్టుకున్నారో ఆయన ఎట్లా చూడగలడు? మీరు చెప్పారా? మీ ఉత్తరంలో ఇంట్లోవాళ్లు అన్న మాటలు ఉన్నాయి గానీ, మీరు వాళ్లతో చెప్పిన మాట ఒక్కటీ లేదు. బాధపెట్టడం ఇష్టం లేక దాచి ఉంటారు. చాలామంది నర్సులు అట్లాగే చేస్తారు. దానివల్ల, ఇంట్లోవాళ్లు తమకు తోచిన బొమ్మ గీసుకుంటారు.

సెలవు రోజున, అన్నాలు తిని నాయిన మంచం వాల్చుకున్న వేళ చూసి, ఆయన పక్కన కూర్చొని ఒక్క రాత్రిని ఎనిమిది నుంచి ఎనిమిది వరకు వరుసగా చెప్పండి. ఫిర్యాదులాగా కాదు, ఆయన పొలం నుంచి వచ్చి ఏ మడికి నీళ్లు పారాయో చెప్పినట్లు చెప్పండి. ‘పదకొండింటికి ఇద్దరికి సూదులు, పన్నెండున్నరకు యాక్సిడెంట్ కేసు, రెండింటికి కరెంటు పోతే జనరేటరు వేసేదాకా ఊపిరి అందించే అంబు బ్యాగును చేత్తో వత్తుతూ నిలబడ్డాను’ అంటే, రాత్రిపూట మోటారు పెట్టడానికి టార్చిలైటు పట్టుకొని బావి దగ్గరికి వెళ్లిన రైతుకు అది అర్థం కాకుండా పోదు. రాత్రి మేల్కొని ఉండడం అంటే ఏమిటో ఆయనకు మీకంటే బాగా తెలుసు.

ఆ రోజే, అదే కూర్చోవడంలో, ఒక్క విషయం మాత్రం స్పష్టంగా అడగండి: నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజున పది నుంచి నాలుగు వరకు తలుపు తట్టకూడదు. పగటి నిద్ర రాత్రి నిద్ర అంత గట్టిగా పట్టదు, వెలుతురు, చప్పుడు, ఒంటి గడియారం మూడూ దాన్ని చెడగొడతాయి. కాబట్టి కిటికీకి నల్లని గుడ్డ కట్టుకోండి, ఫోను అమ్మ చేతికి ఇవ్వండి, చుట్టాలొస్తే ‘బిడ్డ డ్యూటీ చేసి పడుకున్నది’ అని అమ్మే చెప్పాలని ముందుగా మాట తీసుకోండి. నిద్ర చాలని నర్సు చేతిలో మందు మోతాదు తప్పితే ఎవరికి ముప్పో కూడా చెప్పండి. ఈ బాకీ విషయంలో మొహమాటం వద్దు.

ఇప్పుడు మీరు ఒకే వాక్యంలో రాసి దాటిపోయిన విషయానికి వస్తాను. సాయంత్రం కిటికీలో అన్నం డబ్బా ఉంటుందని రాశారు. ఆ డబ్బా అక్కడికి తనంతట తాను రాదు కదా. ఎనిమిదింటికల్లా మీరు డ్యూటీ ఎక్కాలంటే ఆరింటి బస్సు పట్టుకోవాలి. అంటే ఇంట్లో మిగతావాళ్లందరి వంట కాకముందే, ఎవరో మీ ఒక్కరి కోసం అన్నం వార్చి, కూర చేసి, మూత బిగించి, బయలుదేరేటప్పుడు చేతికి అందే చోట పెడుతున్నారు. చంటిపాపతో ఉన్న మీ వదినే అయి ఉంటుందని నా ఊహ. నెలకు పది పన్నెండు సార్లు చొప్పున రెండేళ్లు లెక్కేయండి. ఆమె ముఖం ముడుచుకొని ఉంటుందని రాశారు. ఆమెకు శాలువా కాదు కదా, ‘కూర బాగుంది వదినా’ అన్న మాట ఎవరైనా అన్నారా? రాత్రంతా చేసినది పొద్దుటికి కనబడకపోవడం మీ వార్డులో ఎట్లాగో, ఆమె వంటింట్లో అట్లాగే. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది అనడం లేదు. అవ్వ మాట మీకు ఎంత పని చేసిందో మీకు ఇప్పుడు తెలుసు, ఆ ఇంట్లో అటువంటి మాట చెప్పగలిగిన మనిషి ప్రస్తుతానికి మీరే అని చెబుతున్నాను. ఇంట్లో మీకు అందరికంటే దగ్గర కాగలిగినది కూడా ఆమెనే అని నా నమ్మకం. వదిన మీ పక్షాన ఒక్క మాట అంటే, ‘ఆమెను పడుకోనీయండి’ అంటే, మీరు పదిసార్లు చెప్పినదానికంటే బరువు ఉంటుంది.

సంబంధం విషయంలో నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. నర్సు ఉద్యోగం ఉండాలి, జీతం రావాలి, రాత్రి డ్యూటీ మాత్రం ఉండకూడదు అంటే, ఎద్దు కావాలి గానీ మేత వేయం అన్నట్లే. వాళ్లు చెడ్డవాళ్లని తీర్పు చెప్పడం లేదు. రాత్రి ప్రయాణం గురించి భయం ఉండవచ్చు, నలుగురూ ఏమంటారోనన్న బెరుకు ఉండవచ్చు. భయమైతే దానికి మందు ఉంది, ఏ బస్సు, ఎవరితో కలిసి వెళ్తారు, వార్డులో ఎంతమంది ఉంటారు అన్నవి చెబితే తగ్గుతుంది. అందుకని పెద్దవాళ్ల ద్వారా కాకుండా, ఆ అబ్బాయితో మీరే ఒకసారి, మీ అన్నను పక్కన ఉంచుకొనైనా, నేరుగా మాట్లాడండి. అతను మీ పని గురించి ఎన్ని ప్రశ్నలు అడుగుతాడో గమనించండి. ఒక్కటీ అడగకుండా ‘అమ్మ చెప్పినట్లే’ అంటే, మీకు కావలసిన జవాబు దొరికినట్లే. పెళ్లి కుదరడం కోసం ‘సరే, మానేస్తాను’ అని ఇప్పుడు మాట ఇచ్చి, తర్వాత చూసుకుందాం అనుకోవద్దు.

ఉద్యోగం మానడం వేరు, చోటు మారడం వేరు. ప్రభుత్వ దవాఖానల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు రాష్ట్ర వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి పరీక్ష పెడుతున్నది, 2024లో 2,050 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. పల్లె దవాఖానల్లోనూ బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి అవకాశం ఉంది, అక్కడ పని ప్రధానంగా పగటిపూటే. ఆ దారిలో వెళ్లాలనుకుంటే మీ ఒంటి కోసం, మీ ఎదుగుదల కోసం వెళ్లండి. సంబంధం వాళ్ల షరతు తీర్చడానికి అయితే వద్దు.

జీతం సంగతి కూడా చెప్పాలి. ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం నియమించిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. అది సిఫారసే కనుక, రేపే వెళ్లి కాగితం చూపిస్తే జీతం పెరుగుతుందని చెప్పలేను. కానీ పదేళ్ల కిందట నిపుణులు కనీసమని చెప్పినదానికంటే ఏడు వేలు తక్కువకు పనిచేస్తున్నారని మీకు తెలిసి ఉండాలి. ఒంటరిగా అడగకండి. తోటి నర్సులందరూ కలిసి, మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. రోగి బంధువులెవరైనా కేకలు దాటి చేయి చేసుకోబోతే మాత్రం మౌనంగా భరించవద్దు. వైద్య సిబ్బందిపై దాడులను నిరోధించే 2008 నాటి చట్టం డాక్టర్లతో పాటు నర్సులకూ వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. డ్యూటీ లేని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోవడం, తిండి మీద మనసు లేకపోవడం, ఏ మంచి మాటా లోపలికి దిగకపోవడం, బతుకు మీద విసుగు, ఇవి రెండు వారాలకు మించి ఉంటే అది అలసట ఒక్కటే కాదు. అప్పుడు మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. రోజూ ఇతరులకు బీపీ చూసే మనిషి తన బీపీ చూపించుకోవడానికి సిగ్గుపడకూడదు.

వార్డులో మీతో రాత్రి నిలబడే ఆయమ్మ ఉంటుంది, కొత్తగా చేరిన జూనియర్లు ఉంటారు. పొద్దున తర్వాతివాళ్లకు డ్యూటీ అప్పజెప్పేటప్పుడు ‘నాలుగో బెడ్ పెద్దాయనను రాత్రంతా ఆయమ్మే పట్టుకున్నది’ అని పేరు పెట్టి, అందరి ముందర చెప్పండి. మీ హెడ్ నర్సు అది విని ఏమీ అనకపోయినా సరే. ఆయమ్మ వింటుంది.

ఇక మీరు ముందుగా చేయవలసినది చిన్న పని. వచ్చే నైట్ డ్యూటీ రోజున ఆరింటి బస్సుకు పది నిమిషాలు ముందే తయారై, కిటికీలోంచి డబ్బా తీసుకొని వెళ్లిపోకుండా, వంటింట్లోకి వెళ్లి వదిన చేతి నుంచి అందుకోండి. అవ్వ గురించి, ఆ రెండు బత్తాయిల గురించి, స్టోర్ రూమ్ గురించి మొదటగా ఆమెకే చెప్పండి. ఆమె ఏమన్నదో నాకు రాయండి.